ఆ రెండు నెలల సముద్రం

రిటైరయ్యాక కమిటీలూ, సలహా పనులూ అని ఎవరు ఫోన్ చేసినా మర్యాదగా తప్పించుకునేదాన్ని. ఈ ఒక్క పనికి మాత్రం ఒప్పుకున్నాను. తూర్పు తీరానికి అవతల సముద్రాన్ని బ్లాకులుగా విడగొట్టి, చమురూ గ్యాసూ వెతకడానికి లీజుకివ్వాలని ప్రభుత్వం అనుకుంటోంది. ఇచ్చే ముందు అక్కడి నీళ్ళలో, అడుగున ఉన్న బురదలో ఏమేం బతుకుతున్నాయో తెలుసుకోవడానికి నాలుగేళ్ళు పరిశోధన చేయించింది. ఆ పరిశోధన సరిగ్గా జరిగిందా, దాన్ని నమ్ముకుని లీజు నిర్ణయం తీసుకోవచ్చా అన్నది చూసి చెప్పడం కమిటీ పని. ముగ్గురం. అందులో తాబేళ్ళ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో. సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో కూర్చోవాలి. అయినా ముప్పై ఏళ్ళు నా ఉద్యోగం సముద్రం మీదే నడిచింది. మా సంస్థ ఆఫీసు ఇక్కడ, పని అక్కడ. మావారు సైన్యం నుంచి వచ్చాక సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నాం. ఆయన పోయి మూడేళ్ళయింది. ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి, నివేదిక సంపుటాలు నాలుగూ వచ్చిన రోజున డైనింగ్ టేబుల్ మొత్తం వాటికే ఇచ్చేసి, నేను వంటింటి గట్టు దగ్గర నిలబడి తినడం మొదలుపెట్టాను.

మొదటి రెండు సంపుటాలు చదువుతుంటే నిజంగా సంతోషం వేసింది. బురదలోని పురుగుల్ని గింజ గింజగా ఏరి, జాతి జాతినీ గుర్తుపట్టి రాశారు. ఎవరో కళ్ళు పోగొట్టుకుని చేసిన పని అది. మార్జిన్లలో పెన్సిల్‌తో 'బాగుంది' అని రాసుకుంటూ పోయాను.

మూడో సంపుటం తాబేళ్ళది. ఆ తీరానికి వచ్చేవి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు. చలికాలం చివర్లో ఇసుకలో గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. అంతకుముందు రెండు మూడు నెలలపాటు ఒడ్డుకు కాస్త దూరంలో నీళ్ళలోనే గుమిగూడి జతకడతాయి. ఆ సంపుటంలో ఒక పట్టిక ఉంది. ఏ నెలలో ఎన్ని తాబేళ్ళు కనబడ్డాయో లెక్క. నవంబర్ ఎదురుగా సున్నా. డిసెంబర్ ఎదురుగా సున్నా. పట్టిక కింద ఒక వాక్యం: ఈ రెండు నెలల్లో ఈ ప్రాంతంలో తాబేళ్ళు ఉండవు కనుక, చమురు జాడ కోసం నీటిలో పెద్ద శబ్దాలు చేసే సర్వే పనులకు ఇదే అనువైన కాలం.

ఇంకా కింద చిన్న అక్షరాల్లో మరొకటి. ఏటా ఆ నెలల్లో తమ ఓడ మరమ్మతుకు వెళ్ళినందువల్ల పాత ప్రాజెక్టు అంకెలు తీసుకున్నామని. ఆ పాత ప్రాజెక్టు నాది.

పుస్తకం మూసేసి వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను. జరిగినదేమిటో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ కిందటి మాట. నెలకొకసారి తీరానికి వెళ్ళి, ఒక మరపడవ మాట్లాడుకుని, గీసిన గీత వెంబడి పోతూ కనబడిన తాబేళ్ళను లెక్కపెట్టాలి. ఆ నవంబర్‌లో తుఫాను హెచ్చరిక రావడంతో వెళ్ళలేదు. డిసెంబర్‌లో సముద్రం తేరుకుంది. పడవాయన రమ్మని కబురు కూడా పంపాడు. కానీ ఆ వారమే ఢిల్లీలో నా ప్రమోషన్ ఇంటర్వ్యూ. ఒక నెల పోతే ఏమైందిలే అనుకున్నాను. జనవరిలో నివేదిక పంపాల్సి వచ్చినప్పుడు ఆ రెండు గడులూ ఖాళీగా ఉన్నాయి. మా ఫీల్డ్ అసిస్టెంట్ నా ముందు కాగితం పెట్టి, "సర్వే కాలేదని రాద్దాం మేడమ్" అన్నాడు. ఖాళీలుంటే ఢిల్లీ నుంచి ప్రశ్నలొస్తాయి, సున్నా వెయ్యమన్నాను. "సర్వే కానే లేదు గద మేడమ్. సున్నా ఎట్లయితది?" అన్నాడు. వెయ్యమన్నానా, అన్నాను. వేశాడు. ఆ మార్చిలో నాకు ప్రమోషన్ వచ్చింది.

చూడలేదనడానికీ, చూస్తే కనబడలేదనడానికీ ఎంత తేడా ఉందో నాకు తెలియక కాదు. నా దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్ళకు మొదటిరోజు నేర్పేదాన్ని.

మొదటి సమావేశం బేగంపేటలో ఒక ఆఫీసు మూడో అంతస్తులో జరిగింది. మా ఛైర్మన్ కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రిటైర్డ్ ప్రొఫెసర్. మెత్తటి మనిషి, ఎవరినీ నొప్పించడు. మూడో సభ్యుడు ఇంజనీరు, ప్రవాహాల సంగతి తప్ప మరొకటి మాట్లాడడు. నివేదిక తరఫున వివరించడానికి ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. వరంగల్ దగ్గరి పిల్ల. బురద పురుగుల్ని ఏరింది కూడా తనేనట. ఆమె వేళ్ళ వంకే చూస్తూ ఉండిపోయాను.

తాబేళ్ళ పట్టిక తెర మీదికి వచ్చినప్పుడు అడిగాను, తెలిసి కూడా. "ఈ రెండు సున్నాలు ఎక్కడివమ్మా?"

"ఆర్కైవ్ డేటా మేడమ్. మీ ప్రాజెక్టుదే. అందుకే ఇంక క్రాస్‌చెక్ చెయ్యలే" అని నవ్వింది.

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. "ఆ ఏడాది వాతావరణం బాగుండలేదు" అని మాత్రం వచ్చింది. ఛైర్మన్ నా మొహం చూసి, "అసలు ఫీల్డు కాగితాలు ఒకసారి తెప్పించి చూద్దామండీ, అనుమానం ఎందుకు" అన్నారు. మెట్రో దిగి ఆటోలో ఇంటికి వెళుతున్నంతసేపూ ఆ కాగితాలు దొరక్కుండా పోతే బాగుండునని కోరుకున్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

వారం తిరక్కుండానే దొరికాయి. స్కాన్ చేసి అందరికీ పంపారు. ఆ సాయంత్రమే ఛైర్మన్ ఫోన్ చేశారు.

"మీకు తలనొప్పి వదిలిందండీ. పడవ లాగ్‌బుక్కులో ఆ నెలల్లో ఆఫీసు ట్రిప్పులే లేవు. ఎవరో ఫీల్డ్ అసిస్టెంటు, వెళ్ళని నెలలకు కూడా సున్నాలు చుట్టేశాడు. చేతిరాత మీది కాదు కదా. కింది సిబ్బంది పొరపాటు అని ఒక ముక్క రాసేసి, ఆ వాక్యం తీయించేద్దాం. మీ ప్రాజెక్టుకు మచ్చ రాకుండా నేను చూసుకుంటాను."

ఆ మాట విన్నప్పుడు నాకు మొదట కలిగింది బాధ కాదు. ఊరట. ఫోన్ పెట్టేశాక గ్లాసుడు మంచినీళ్ళు తాగాను, టీవీ పెట్టుకున్నాను. కాసేపటి తర్వాత గానీ ఆ చేతిరాత నా కళ్ళ ముందుకు రాలేదు. గుండ్రటి, పొందికైన అంకెలు. ఏడుకు మధ్యలో చిన్న గీత. తన సర్వీసులో తన కాగితం ఒక్కటి కూడా వెనక్కి రాలేదని ఆ అసిస్టెంట్ చెప్పుకునేవాడు. రిటైర్మెంట్ రోజున శాలువా కప్పించుకుని మైకు ముందు నిలబడి చెప్పిన నాలుగు మాటల్లో అదొకటి.

మర్నాడు పొద్దున రెజిమెంటల్ బజార్‌కు వెళ్ళాను. స్టీలు సామాన్ల దుకాణం పైన ఆయన ఇల్లు. మెట్లు ఇరుగ్గా, ఎత్తుగా ఉన్నాయి. తలుపు ఆయన భార్య తీసింది. లోపల మంచం మీద గోడకు దిండు ఆనించుకుని కూర్చున్న మనిషిని నేను ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. మూత్రపిండాలు చెడిపోయి ఏడాదిన్నరగా డయాలిసిస్ అట. నాకు తెలియదు. నేను అడిగిందెప్పుడు?

"ఏం మేడమ్, మీరే వచ్చిన్రు! ఒక్క ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గద" అంటూ లేవబోయాడు. వచ్చేవాడే. ఆ కాళ్ళతో, ఆ మెట్లు దిగి వచ్చేవాడే.

"లేవకు అన్నా" అన్నాను. ఆఫీసులో ఇరవై అయిదేళ్ళు పేరు పెట్టి పిలిచాను. నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడు.

ఆమె నాకు నిండుగా, ఆయనకు అరగ్లాసు చాయ్ ఇచ్చింది. నీళ్ళు కూడా కొలిచే తాగాలట. పిల్లల సంగతులు, ఆఫీసులో ఎవరెక్కడున్నారో, ఎవరు పోయారో మాట్లాడుకున్నాం. తర్వాత కమిటీ సంగతి చెప్పాను. బ్లాకుల గురించి, పట్టిక గురించి, దాని కింది వాక్యం గురించి. ఛైర్మన్ చేసిన ఫోన్ గురించి కూడా చెప్పేశాను.

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు.

"గా రెండు సున్నాలు నాకు యాదికున్నయి మేడమ్. సర్వీసు మొత్తంల నేను అబద్ధం రాసింది గదొక్కటే."

"రాయించింది నేను."

"మీరు చెప్పిన్రు, నేను రాసిన. చెయ్యి నాదే గద." దిండు సర్దుకుంటూ, "అయినా నేను పోయొచ్చిన సంగతి సుత మీకు చెప్తి" అన్నాడు.

"ఎక్కడికి?"

"సముద్రానికి. మీరు ఢిల్లీ పోయిన్రు సూడు, అప్పుడు. పడవాయన ఒకటే కబురు పెడ్తుండె, ఈసారి తాబేళ్ళు మస్తుగ తేల్తున్నయని. మనసాగలే. నాలుగు రోజులు లీవ్ పెట్టి రైలెక్కిన."

నేను ఆయన వంకే చూస్తున్నాను. నాకు తెలియని విషయం చెబుతున్నాడనుకున్నాను.

"పొద్దుగాల పోయినం. జెర దూరం పోంగనే పడవాయన ఇంజన్ బంద్ చేసిండు. ఏం సప్పుడు లేదు మేడమ్. నీళ్ళ మీద మూకుళ్ళు బోర్లిచ్చినట్టు వీపులే వీపులు. కొన్ని జోడీలు జోడీలు. తల పైకెత్తి ఉష్ష్ అని గాలి ఇడుస్తుండె. గా సప్పుడు ఒక్కటే ఇనొస్తుండె. మన గీత మీదనే పోయిన, పద్ధతి తప్పలే. లెక్కపెట్టి బుక్కుల రాసిన. ఒక్కణ్ణే ఉన్న గద, రెండు దిక్కులా సూసుడు తక్లీఫ్ అయింది. ఎన్నో ఇడిసిపెట్టి ఉంట."

"నాకెందుకు చెప్పలేదన్నా?"

ఆయన మొహంలో ఆశ్చర్యం. "చెప్పిన గద మేడమ్! మీరు ఢిల్లీకెల్లి వచ్చిన దినం బుక్కు మీ టేబుల్ మీద పెట్టిన. మీరు ఫోన్ల ఉండ్రి, తర్వాత సూస్తా అని చెయ్యితోని చెప్పిన్రు. మల్ల రెండు దినాలకు అడిగిన. అది ఆఫీసు ట్రిప్పు కాదు, లెక్కల కలపరాదు అన్నరు. బుక్కు ఇచ్చేసిన్రు."

నాకు గుర్తు లేదు. ఎంత ప్రయత్నించినా గుర్తుకు రాలేదు. ఆ టేబుల్ గుర్తుంది, ఆ ఫోన్ గుర్తుంది, ఢిల్లీలో ఇంటర్వ్యూకు కట్టుకున్న చీర గుర్తుంది. ఆ పుస్తకం గుర్తు లేదు. తన లీవు పెట్టుకుని, తన టికెట్ కొనుక్కుని నా పని తాను చేసుకొచ్చిన మనిషిని చేత్తో పక్కకు నెట్టినట్టు నెట్టాను. అది గుర్తుపెట్టుకోవాల్సినంత విషయంగా కూడా నాకు తోచలేదు.

"ఆ పుస్తకం ఉందా?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

"పోయిన వానలకు పైకప్పు కురిసి సందూకల కాయితాలన్నీ నానిపోయినయి మేడమ్. బూజు పట్టినయి. నేనే తీసి పారేసిన. గిట్ల పనికొస్తయని నాకేం ఎరుక?" అంది ఆమె.

"నీ తప్పేముంది, ఊకో" అన్నాడాయన. తర్వాత నా వైపు తిరిగి, చాలా మామూలుగా, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా అన్నాడు. "నా పేరే రాయుండ్రి మేడమ్. ఇప్పుడు నాకేమైతది? నలుగుట్ల తిరిగే మనిషినా, ఆఫీసుకు పోయే మనిషినా? మీకైతే ఇంక కమిటీలు గిట్ల ఉంటయి. మీ ఇజ్జత్ పోవద్దు."

అంతకుముందు రోజు నేను పడిన ఊరట ఆయన కళ్ళకు కనబడుతోందేమోనని భయం వేసింది. "నేను చూసుకుంటాలే అన్నా" అన్నాను. వచ్చేటప్పుడు, కమిటీ ఏం రాస్తే ఆ కాగితం తెచ్చి చూపిస్తానని మాటిచ్చాను. "తొందరేం లేదు మేడమ్, నిమ్మళంగ తెండ్రి" అన్నాడు.

రెండో సమావేశానికి ఒక పేజీ టైపు చేసి తీసుకువెళ్ళాను. ఆ రెండు నెలలూ సర్వే జరగలేదనీ, సున్నాలు వెయ్యమన్నది నేనేననీ, అసిస్టెంట్ వద్దన్నా వినలేదనీ, డిసెంబర్‌లో ఆయన సొంతంగా వెళ్ళి తాబేళ్ళ గుంపులను చూశారనీ, ఆ పుస్తకాన్ని నేను పక్కన పెట్టాననీ, అది ఇప్పుడు లేదనీ చదివాను.

ఛైర్మన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంత అవసరమాండీ? ఫలానా నెలల్లో సర్వే జరగలేదు అని ఒక లైను రాస్తే చాలదూ? ఈ వయసులో మీకు..."

"ఒక లైను రాస్తే అది ఆయన మీదికే పోతుంది సార్. కాగితం మీద ఉన్నది ఆయన చెయ్యి."

అప్పుడు ఆ అమ్మాయి మాట్లాడింది. కోపంతో చెంపలు ఎర్రబడ్డాయి.

"ఫస్ట్ మీటింగ్‌లనే ఎందుకు చెప్పలే మేడమ్? నేను నాలుగేళ్ళు పనిచేసిన దీని మీద. మీ నంబర్స్ అని కళ్ళు మూసుకుని పెట్టిన. ఇప్పుడు నా రిపోర్ట్ మొత్తం డౌట్ అంటరు. ఆ సెంటెన్స్ నేనే రాసిన మేడమ్. ఆ నెలల్లనే సర్వే చేసుకోండ్రి అని నేనే రాసిన."

"తప్పు నాదమ్మా" అన్నాను. అది ఆమెకు ఏం పనికొస్తుంది? ఆమె లాప్‌టాప్ మూసి, బయట కారిడార్‌లోకి వెళ్ళి చాలాసేపు నిలబడింది. వెనక్కి వచ్చాక నా వైపు చూడలేదు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు కూడా. నేను రెండుసార్లు మెసేజ్ పెట్టాను. చదివినట్టు ఫోన్‌లో కనబడింది, జవాబు రాలేదు.

కమిటీ చివరికి మూడు విషయాలు రాసింది. బురద, ప్రవాహాల పరిశోధన బాగుంది. తాబేళ్ళ పరిశోధన మీద నిర్ణయం తీసుకోవడానికి లేదు. లీజుకు ముందు కనీసం రెండు చలికాలాలు ఆ నీళ్ళలో మళ్ళీ సర్వే జరగాలి. నా పేజీని అనుబంధంగా జతచేశారు. ఇంజనీరు గారు ముసాయిదా చదువుతూ, ఆ అసిస్టెంట్ చూసినదాన్ని కూడా నివేదికలోనే ఒక పేరాగా రాద్దామన్నారు. సముద్రం ప్రవాహాల గురించి కాకుండా ఆయన మాట్లాడటం అదొక్కసారే విన్నాను.

కాగితం తీసుకువెళ్ళి చూపిస్తానన్నాను కదా. ముసాయిదా అప్పుడే ఉంది నా దగ్గర. ముగ్గురి సంతకాలూ పడ్డాక పూర్తి కాపీ తీసుకువెళదామని ఆగాను. ఛైర్మన్ ఊళ్ళో లేరు. తర్వాత నాకు జలుబు చేసింది, డయాలిసిస్ మనిషి దగ్గరికి జ్వరంతో వెళ్ళకూడదనుకున్నాను. అలా మూడు వారాలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున ఆఫీసు పాతవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో వచ్చింది, కింద చేతులు జోడించిన బొమ్మలతో. ముందురోజు మధ్యాహ్నం డయాలిసిస్ మధ్యలోనే గుండె ఆగిపోయిందట.

నేను వెళ్ళేసరికి కిందికి దించేశారు. దుకాణం షట్టరు సగం వేసి ఉంది. ఆ ఇరుకు మెట్ల మీదుగా ఆయన్ను పైకి, మళ్ళీ కిందికి ఎలా తెచ్చారో అని పిచ్చి ఆలోచన వచ్చింది. బ్యాగులో కాగితాలున్నాయి. వాటిని ఏం చేయాలో తెలియక పట్టుకుని నిలబడ్డాను. ఎవరో కుర్చీ వేస్తే కూర్చున్నాను.

పన్నెండో రోజు పోయాక మళ్ళీ వెళ్ళి ఆమెకు చదివి వినిపించాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఆయన సముద్రంలో చూసినదంతా రాసిన పేరా దగ్గర ఆమె, "గిది ఇంకోపారి సదువుండ్రి" అంది. మళ్ళీ చదివాను. "మీరొచ్చి పోయినంక మస్తు ఖుషీ అయిండు. నాలుగు దినాలు గదే ముచ్చట. మేడమ్ యాదికి తెచ్చుకుంది అని" అంది.

గుర్తు తెచ్చుకోలేదమ్మా అని చెప్పలేకపోయాను. ఆయనకు చెప్పలేదు, ఆమెకూ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

పై నుంచి జవాబు రావడానికి ఆరు నెలలు పట్టింది. కమిటీ సూచనలను పరిగణనలోకి తీసుకున్నామన్నారు. పట్టిక కింద ఉన్న ఆ వాక్యాన్ని తొలగించారు. రెండు చలికాలాల సర్వే మాత్రం లీజుకు ముందు కాదు, లీజు పొందిన కంపెనీయే తర్వాత చేయించుకోవాలట. తాబేళ్ళు గుమిగూడే బ్లాకులు జాబితాలో అలాగే ఉన్నాయి. ఛైర్మన్ ఫోన్ చేసి, "ఏదో మనకు చేతనైనంత చేశామండీ" అన్నారు. అవునండీ అన్నాను. మేము చేసింది తక్కువేమీ కాదని ఆయన నమ్మకం. కావచ్చు. ఎవరైనా ఆ నెలల్లో పడవ కట్టుకుని వెళతారేమో, వెళ్ళి సరిగ్గా చూస్తారేమో. వెళ్ళారా అని నేను అడగగలిగిన చోటు లేదు.

రెజిమెంటల్ బజార్ వైపు పని ఉన్నప్పుడు ఇప్పుడు కూడా ఆమె దగ్గరికి వెళతాను. పనేమీ లేకపోయినా వెళతాను. ఆ మధ్య ఒకసారి వెళ్ళినప్పుడు చాయ్ కలుపుతూ, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"సముద్రం మన ట్యాంక్‌బండ్ కంటే ఎంత పెద్దగుంటది మేడమ్?"

ఆమె ఎప్పుడూ చూడలేదట. ఇరవై అయిదేళ్ళు నెలనెలా ఆయన సంచి సర్ది స్టేషన్‌కు పంపిందే గానీ, ఆమెను తీసుకువెళ్ళడం కుదరలేదట. ఆఫీసు పని మీద పోతూ భార్యను వెంటబెట్టుకుని పోతే మేడమ్ ఏమనుకుంటుందో అనేవాడట.

"చలికాలంలో పోదాం" అన్నాను. ఆమె సరే అంది. టికెట్లు తీశాను, ఆమెకు మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగలేకపోయింది, రద్దు చేశాను. మళ్ళీ తీస్తాను.